పాలస్తీనా ఎన్నికలు: హక్కులు, గడువులు, అడ్డంకులు (తరచూ అడిగే ప్రశ్నలు)

హైదరాబాద్‌లో పరిశోధన చేస్తున్న పాలస్తీనా విద్యార్థి ఒకరు వీసా కాగితాల పని మీద నా దగ్గరికి వచ్చారు. ఊరు నాబ్లుస్. వయసు ముప్పై మూడు. సంతకాలు పూర్తయ్యాక మాటల్లో మాటగా చెప్పారు: దేశ ఎన్నికల్లో తాను ఇంతవరకు ఒక్కసారి కూడా ఓటు వేయలేదని, జీవితంలో ఒకే ఒక్కసారి క్యూలో నిలబడ్డానని, అదీ మునిసిపాలిటీ ఎన్నికకని. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఆ తర్వాత ఈ విషయం మీద ఎవరు ఏ ప్రశ్న అడిగినా రాసి పెట్టుకున్నాను. కింద ఉన్నవి ఆ ప్రశ్నలే. జవాబులు 2025 చివరినాటి చట్టస్థితిని బట్టి ఇచ్చినవి. తర్వాత వచ్చే డిక్రీ ఏదైనా వీటిని మార్చవచ్చు.

ముందుగా మాటల అర్థాలు. "అథారిటీ" అంటే ఇజ్రాయెల్‌తో కుదిరిన ఓస్లో ఒప్పందాలతో ఏర్పడ్డ పాలస్తీనా పాలనా వ్యవస్థ. "మూల చట్టం" అంటే 2003లోనూ 2005లోనూ సవరించిన, రాజ్యాంగం స్థానంలో ఉన్న చట్టం. "శాసన మండలి" అంటే అథారిటీకి ఉన్న ఏకైక చట్టసభ. మన శాసన మండలిలా పెద్దల సభ కాదు, ప్రజలు నేరుగా ఎన్నుకునేది. "డిక్రీ-చట్టం" అంటే శాసన మండలి సమావేశాల్లో లేనప్పుడు అధ్యక్షుడు జారీ చేసే చట్టం. మన ఆర్డినెన్స్ లాంటిది. "ఎన్నికల చట్టం" అంటే 2021లో సవరించిన 2007 నాటి 1వ నంబరు డిక్రీ-చట్టం. "ఎన్నికల డిక్రీ" అంటే పోలింగ్ తేదీని ప్రకటిస్తూ అధ్యక్షుడు ఇచ్చే ఉత్తర్వు. "కమిషన్" అంటే 2002లో ఏర్పడ్డ పాలస్తీనా కేంద్ర ఎన్నికల కమిషన్. "జాతీయ మండలి", "కేంద్ర మండలి" రెండూ పాలస్తీనా విమోచన సంస్థ (పీఎల్‌వో)కు చెందినవి, అథారిటీవి కావు. ఈ చివరి తేడా దగ్గరే ఎక్కువమంది పొరబడతారు.

1. పాలస్తీనాలో సార్వత్రిక ఎన్నికలు చివరిసారి ఎప్పుడు జరిగాయి?

అధ్యక్ష ఎన్నిక 2005 జనవరి 9న జరిగింది. మహమూద్ అబ్బాస్ గెలిచారు. శాసన మండలి ఎన్నిక 2006 జనవరి 25న జరిగింది. 132 స్థానాల్లో హమాస్ జాబితాకు 74, అబ్బాస్ పార్టీ ఫతాకు 45 వచ్చాయి. అంతకుముందు జరిగింది ఒక్కటే, 1996 జనవరి 20న. అప్పుడు శాసన మండలికి 88 స్థానాలు, అధ్యక్షుడిగా యాసర్ అరాఫత్ ఎన్నికయ్యారు.

ఓటుకు 18 ఏళ్ళు నిండాలి. కనుక 1988 జనవరి 25 తర్వాత పుట్టిన ఏ పాలస్తీనీయుడూ తన శాసన మండలికి గానీ అధ్యక్షుడికి గానీ ఓటు వేసి ఉండరు. ఈ లెక్కకు సర్వే అక్కర్లేదు, క్యాలెండర్ చాలు.

2. మరి ఆ పదవుల గడువు ఎప్పుడు తీరింది?

మూల చట్టం 36వ అధికరణం ప్రకారం అధ్యక్షుడి పదవీకాలం నాలుగేళ్ళు. వరుసగా రెండు పర్యాయాలకు మించి ఉండరాదు. ఆ లెక్కన 2009 జనవరి 9తో గడువు తీరింది. శాసన మండలి ఎన్నికలతో కలిపి జరపాలి కాబట్టి గడువు 2010 జనవరి దాకా ఉంటుందని అధ్యక్షుడి పక్షం వాదించింది. ఆ వాదన ఒప్పుకున్నా 2010తోనే ఆగుతుంది. 2009 డిసెంబరులో పీఎల్‌వో కేంద్ర మండలి, ఎన్నికలు జరిగేదాకా అబ్బాస్ కొనసాగాలని తీర్మానించింది.

ఈ తీర్మానం విలువ ఎంత? పీఎల్‌వో అథారిటీకి మాతృసంస్థ, అథారిటీని స్థాపించిందే అది, కాబట్టి చెల్లుతుందని ఒక పక్షం అంటుంది. మూల చట్టంలో పదవీకాలం పొడిగించే అధికారం కేంద్ర మండలికి ఎక్కడా రాసి లేదని రెండో పక్షం అంటుంది. పాఠం చదివితే నాకు రెండో వాదనే బలంగా కనిపిస్తుంది. అయితే ఆ పాఠాన్ని అమలు చేయించే కోర్టు ఉత్తర్వు మాత్రం రాలేదు.

శాసన మండలి సంగతి వేరు. కొత్త సభ్యులు ప్రమాణం చేసేదాకా పాత సభ్యులు కొనసాగుతారని 2005 సవరణలో ఉంది. కాబట్టి నాలుగేళ్ళు దాటినంత మాత్రాన శాసన మండలి దానంతట అది రద్దు కాలేదు.

3. అయితే ఇప్పుడు శాసన మండలి ఉందా, లేదా?

ఆచరణలో లేదు. 2007 జూన్‌లో గాజా హమాస్ చేతికి వచ్చింది. ప్రధానిగా ఉన్న ఇస్మాయిల్ హనియేను అబ్బాస్ పదవి నుంచి తొలగించారు. ఆ తర్వాత శాసన మండలి రెండు ప్రాంతాల సభ్యులతో మామూలుగా సమావేశం కాలేదు. 2018 డిసెంబరులో సుప్రీం రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని రద్దు చేస్తూ, ఆరు నెలల్లో ఎన్నికలు జరపాలని చెప్పింది. ఆ ఆరు నెలలు 2019 మధ్యలోనే గడిచిపోయాయి.

ఒక జాగ్రత్త. అత్యవసర పరిస్థితిలో శాసన మండలిని రద్దు చేయరాదని మూల చట్టం 113వ అధికరణం స్పష్టంగా అంటుంది. మామూలు కాలంలో రద్దు చేసే అధికారం అధ్యక్షుడికి ఇచ్చినట్టూ అందులో లేదు. పైగా రద్దు చేసిన ఆ న్యాయస్థానాన్ని అధ్యక్షుడే 2016లో ఏర్పాటు చేశారు. అందుకే తీర్పులో సగం, అంటే రద్దు, అమలైందనీ, మిగతా సగం, అంటే ఎన్నికలు, అమలు కాలేదనీ మాత్రమే ఇక్కడ కచ్చితంగా చెప్పగలం.

4. శాసన మండలి లేకపోతే చట్టాలు ఎవరు చేస్తున్నారు?

అధ్యక్షుడు. మూల చట్టం 43వ అధికరణం ప్రకారం, ఆలస్యానికి వీల్లేని అవసరం ఉన్నప్పుడు, శాసన మండలి సమావేశాల్లో లేనప్పుడు డిక్రీ-చట్టం జారీ చేయవచ్చు. షరతు: తర్వాత జరిగే మొదటి సమావేశంలోనే దాన్ని శాసన మండలి ముందు పెట్టాలి. మన రాజ్యాంగం 123వ అధికరణంతో పోల్చుకుంటే విషయం తేలికగా అర్థమవుతుంది. మన దగ్గర పార్లమెంటు మళ్ళీ సమావేశమైన ఆరు వారాలకు ఆర్డినెన్స్ దానంతట అదే పోతుంది. అక్కడ ఆ "మొదటి సమావేశం" పద్దెనిమిదేళ్ళుగా రాలేదు. ఎన్నికల చట్టం కూడా ఇలా వచ్చిన డిక్రీ-చట్టమే. అంటే ఎన్నికల నియమాలను ఏ చట్టసభా ఆమోదించలేదు.

5. ఎన్నికలు ప్రకటించే అధికారం ఎవరిది? ప్రజలు కోరితే ప్రకటించాలా?

ఎన్నికల డిక్రీ ఇచ్చే అధికారం అధ్యక్షుడిది మాత్రమే. కమిషన్‌కు ఓటర్ల జాబితా, నామినేషన్లు, పోలింగ్, లెక్కింపు మీద అధికారం ఉంది. తేదీ పెట్టే అధికారం లేదు. పౌరుడు దరఖాస్తు పెట్టి ఎన్నికల డిక్రీ తెప్పించుకునే మార్గం ఎన్నికల చట్టంలో లేదు. మూల చట్టం 26వ అధికరణం ఓటు వేసే హక్కు, పోటీ చేసే హక్కు ఇస్తుంది. ఆ హక్కు వాడుకోవాలంటే మాత్రం ముందు ఒక సంతకం పడాలి. ఈ విషయంలో అన్నిటికంటే పెద్ద లోపం ఇదేనని నా అభిప్రాయం.

2021లో ఆ సంతకం పడింది. జనవరి 15న వచ్చిన ఎన్నికల డిక్రీ మూడు తేదీలు పెట్టింది: శాసన మండలికి మే 22, అధ్యక్ష పదవికి జూలై 31, జాతీయ మండలి పూర్తి చేయడానికి ఆగస్టు 31. పాత నియమం ప్రకారం మొదటి రెండూ ఒకే రోజు జరగాలి. అందుకే ఎన్నికల చట్టాన్ని ముందుగా సవరించి వేర్వేరు రోజులకు వీలు కల్పించారు.

6. ఓటు ఎవరికి ఉంది?

ఈ షరతులన్నీ కలిసి తీరాలి: పాలస్తీనీయులై ఉండాలి, పోలింగ్ రోజుకు 18 ఏళ్ళు నిండాలి, తుది ఓటర్ల జాబితాలో పేరు ఉండాలి, కోర్టు తుది తీర్పుతో ఆ హక్కు కోల్పోయి ఉండరాదు, ఇజ్రాయెల్ పౌరసత్వం ఉండరాదు. పశ్చిమ తీరం, గాజా, తూర్పు జెరూసలేం ఓటర్లు ఇందులోకి వస్తారు. ఇజ్రాయెల్ లోపల పౌరులుగా ఉన్న పాలస్తీనీయులు రారు. వాళ్ళ ఓటు ఇజ్రాయెల్ పార్లమెంటుకు.

2021లో ఓటర్ల నమోదు 93 శాతం దాటింది. ఇరవై ఐదు లక్షల మందికి పైగా పేర్లు రాయించుకున్నారు. అక్కడి జనానికి ఎన్నికల మీద ఆసక్తి లేదని ఎవరైనా అంటే ఈ అంకె చూపించండి.

7. తూర్పు జెరూసలేంలో ఓటు ఎలా వేస్తారు? అక్కడే ఎందుకు ఆగిపోతుంది?

ఈ జవాబు కొంచెం నిదానంగా చదవాలి.

1995 నాటి తాత్కాలిక ఒప్పందం (ఓస్లో-2) రెండో అనుబంధంలో జెరూసలేంకు ప్రత్యేక ఏర్పాటు ఉంది. తూర్పు జెరూసలేంలో పోలింగ్ పోస్టాఫీసుల్లో జరగాలి. ఆ పోస్టాఫీసులు ఏవో కూడా అందులో పేరు పేరునా రాశారు: సలాహ్ అద్దీన్ వీధి, జాఫా గేటు, షుఆఫాత్, బైత్ హనీనా, ఆలివ్ కొండ. ఓటరు పోస్టాఫీసు కౌంటర్ దగ్గరికి వెళ్ళాలి. బ్యాలెట్ కాగితాన్ని కవరులో పెట్టాలి. కవరు అక్కడి పెట్టెలోకి వెళుతుంది. లెక్కింపు జరిగేది పోస్టాఫీసులో కాదు, నగరం బయట అథారిటీ పరిధిలో. ఆ ఉత్తరాల కవర్ల మధ్య ఓటు వేసిన మనిషి దృష్టిలో అది ఓటు. కౌంటర్ వెనక కూర్చున్న ఇజ్రాయెల్ ప్రభుత్వం దృష్టిలో అది తపాలా; ఆ ప్రభుత్వం ఒప్పుకోకపోతే అక్కడ పోలింగ్ ఆగిపోతుంది. నగరం ఎవరిదన్న ప్రశ్నకు జవాబివ్వకుండానే పని జరిపించడానికి రాసుకున్న ఏర్పాటు ఇది.

1996, 2005, 2006లో ఇలాగే జరిగింది. పోస్టాఫీసుల్లో పట్టే ఓటర్ల సంఖ్య చాలా తక్కువ. 2021లో చెప్పుకున్న లెక్క సుమారు 6,300. మిగతా దాదాపు లక్షన్నర మంది నగర శివార్లలో, ఇజ్రాయెల్ అనుమతి అక్కర్లేని పోలింగ్ కేంద్రాల్లో ఓటు వేయాలి.

జెరూసలేం వాసులకు ఒక హెచ్చరిక. వాళ్ళలో ఎక్కువమందికి ఉన్నది ఇజ్రాయెల్ ఇచ్చిన శాశ్వత నివాస హోదా, పౌరసత్వం కాదు. 2006లో హమాస్ జాబితా నుంచి గెలిచిన ముగ్గురు సభ్యుల, ఆ ప్రభుత్వంలో మంత్రిగా ఉన్న మరొకరి నివాస హోదాను ఇజ్రాయెల్ రద్దు చేసింది. అలా చేసే అధికారం మంత్రికి చట్టంలో లేదని ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు 2017లో తీర్పిచ్చింది. 2018లో పార్లమెంటు చట్టాన్ని సవరించి ఆ అధికారం ఇచ్చింది. కాబట్టి అక్కడ ఓటు వేయడం ఒక సంగతి, పోటీ చేయడం ఇంకో సంగతి. పోటీకి దిగదలచినవారు నామినేషన్‌కు ముందే తమ నివాస హోదా గురించి వకీలు సలహా తీసుకోవాలి.

8. 2021 ఎన్నికలు వాయిదా పడ్డాయా, రద్దయ్యాయా?

వాడిన మాట వాయిదా. ఏప్రిల్ 29 రాత్రి అబ్బాస్ ప్రకటించారు. జెరూసలేంలో పోలింగ్‌కు ఇజ్రాయెల్ జవాబు ఇవ్వలేదన్నది చెప్పిన కారణం. ప్రచారం మర్నాడు, ఏప్రిల్ 30న, మొదలు కావలసి ఉంది. అప్పటికే 36 జాబితాలు ఖరారయ్యాయి. 1,389 మంది అభ్యర్థులు, వారిలో 405 మంది మహిళలు. చాలా ఇళ్ళలో గోడలకు అతికించాల్సిన పోస్టర్లు కట్టల్లోనే ఉండిపోయాయి.

కొత్త తేదీ చెప్పని వాయిదాకు, రద్దుకు చట్టం దృష్టిలో ఎంత తేడా ఉందో నాకు తెలియజెప్పినవారు లేరు. జెరూసలేం కారణం కట్టుకథ కాదు. ఇజ్రాయెల్ మౌనం నిజమే. అలాగే ఫతా మూడు ముక్కలుగా పోటీలో ఉందన్నదీ నిజమే: అధికారిక జాబితా ఒకటి, నాసర్ అల్-కుద్వా, మర్వాన్ బర్గూతి వర్గం కలిసి పెట్టిన "స్వేచ్ఛ" జాబితా ఒకటి, మహమ్మద్ దహలాన్ వర్గం జాబితా ఒకటి. ఈ రెండు నిజాల్లో ఏది అసలు కారణమన్నది చదువరి విచక్షణకే వదులుతున్నాను. కానీ శివార్లలోనో ఇంకో ఏర్పాటుతోనో ప్రయత్నించకుండా, మొత్తం ఎన్నికను పరాయి ప్రభుత్వ అనుమతికి కట్టడం వల్ల జెరూసలేం ఓటరుకు కలిగిన మేలేమిటో నాకు కనిపించదు. ఆయన ఓటు కాపాడే పేరుతో అందరి ఓటూ ఆగింది.

9. పోటీ చేయాలంటే ఏం కావాలి?

శాసన మండలికి ఒంటరిగా పోటీ చేయడం కుదరదు. దేశమంతా ఒకే నియోజకవర్గం; జాబితాగానే నామినేషన్ వేయాలి. అభ్యర్థికి 28 ఏళ్ళు నిండాలి. జాబితాలో కనీసం 16 మంది, అత్యధికంగా 132 మంది ఉండవచ్చు. 3,000 మంది ఓటర్ల సంతకాలు కావాలి. 20,000 అమెరికన్ డాలర్ల డిపాజిట్ కట్టాలి. ఒక్క సీటైనా రాకపోతే అది పోతుంది. మొదటి మూడు పేర్లలో కనీసం ఒక మహిళ, ఆ తర్వాత ప్రతి నాలుగు పేర్లలో కనీసం ఒక మహిళ ఉండాలి. ఒక జాబితాకు సీట్లు రావాలంటే మొత్తం ఓట్లలో 1.5 శాతం దాటాలి.

ఎక్కువమంది తట్టుకుని పడేది ఉద్యోగుల నిబంధన దగ్గర. ప్రభుత్వోద్యోగి రాజీనామా ఇస్తే సరిపోదు, ఆ రాజీనామా ఆమోదం పొందినట్టు రుజువు జత చేయాలి. ఆమోదించాల్సింది ప్రభుత్వం. నెల జీతం మీద బతికే టీచరు ఉద్యోగం వదిలి జాబితాలో చేరాక ఎన్నికే ఆగిపోతే ఆయన పరిస్థితి ఏమిటన్నది 2021 నేర్పింది. కాబట్టి రాజీనామా పత్రంలో ఏ షరతు రాసుకోవచ్చో, ఉద్యోగంలోకి తిరిగి వచ్చే హక్కు ఉందో లేదో ముందే లిఖితపూర్వకంగా తెలుసుకోవాలి.

జాబితాల మీద అభ్యంతరాలకు 2021లో మూడు రోజులే ఇచ్చారు. ఎన్నికల కాలంలో సెలవు రోజని ఆగకూడదు. కమిషన్ నిర్ణయం నచ్చకపోతే ఎన్నికల కేసుల న్యాయస్థానానికి వెళ్ళాలి. మామూలు కోర్టుకు వెళితే సమయం వృథా.

10. జాబితా పద్ధతికి ఎందుకు మార్చారు?

2006లో సగం సీట్లు జాబితాలకు, సగం జిల్లాలకు ఉండేవి. జాబితా ఓట్లలో హమాస్‌కు సుమారు 44 శాతం, ఫతాకు 41 శాతం వచ్చాయి. జాబితాల 66 సీట్లలో 29, 28 పంచుకున్నారు. జిల్లాల 66లో మాత్రం హమాస్ 45, ఫతా 17. ఒక్కో జిల్లాలో సీట్లు ఎన్నో ఓటరుకు అన్ని ఓట్లు ఉండేవి. హమాస్ లెక్కకు సరిపడా అభ్యర్థులనే నిలిపింది. ఫతాలో టికెట్ రానివారు స్వతంత్రులుగా దిగి తమ ఓట్లే చీల్చుకున్నారు. మన పంచాయతీల్లో రెబెల్స్ చేసే పనే.

2007లో అన్ని సీట్లనూ జాబితాలకే ఇవ్వడం ఫతాకు పనికొచ్చే మార్పన్న విమర్శలో పస ఉంది. అయినా పద్ధతిగా చూస్తే వచ్చిన ఓట్లకు తగిన సీట్లు ఇస్తుంది. దీని ప్రకారం ఏ ఒక్క పక్షమూ సొంతంగా మెజారిటీ తెచ్చుకోవడం కష్టం. మార్పు కోరేవారికి ఇందులో అవకాశం ఉంది.

11. హమాస్ పోటీ చేయవచ్చా?

2021లో వీలుండేది, నామినేషన్ వేసింది కూడా. ఇక ముందు సంగతి షరతుల మీద ఆధారపడుతుంది. పీఎల్‌వో కార్యక్రమానికీ, దాని అంతర్జాతీయ బాధ్యతలకూ కట్టుబడినవారికే అవకాశం అన్న నియమం 2025లో రెండుచోట్ల వచ్చింది: జూలైలో జాతీయ మండలి గురించి ఇచ్చిన డిక్రీలో, నవంబరులో స్థానిక సంస్థల ఎన్నికల డిక్రీ-చట్టంలో. ఇదే నియమం శాసన మండలికీ వస్తే, ఇజ్రాయెల్‌ను గుర్తించని పక్షాలన్నీ గేటు బయటే ఉంటాయి.

హమాస్ 2023 అక్టోబరు 7న చేసిన హత్యాకాండను సమర్థించేవారితో నాకు ఏకీభావం లేదు. కానీ నేరం చేసిన వ్యక్తికి కోర్టు తీర్పుతో అనర్హత వేయడం వేరు, అభిప్రాయానికి ముందే అనర్హత వేయడం వేరు. ఒప్పందాల్ని వ్యతిరేకించే వామపక్షాలు, స్వతంత్రులు కూడా ఈ రెండో దానిలో చిక్కుకుంటారు.

12. జైల్లో ఉన్నవారు పోటీ చేయగలరా?

చేయగలరని ఆచరణ చెబుతోంది. మర్వాన్ బర్గూతి 2002లో అరెస్టయ్యారు. ఇజ్రాయెల్ కోర్టు 2004లో ఐదు యావజ్జీవ శిక్షలు వేసింది. 2006లో ఫతా జాబితాకు ఆయనే మొదటి పేరు. జైలు నుంచే సభ్యుడయ్యారు. ఆయన విడుదలైతే అధ్యక్ష ఎన్నికలో ముందుంటారని రమల్లాలోని ఖలీల్ షికాకీ సంస్థ సర్వేలు ఏళ్ళ తరబడి చెబుతున్నాయి. అయితే గెలిచినా విడుదల ఆటోమేటిక్ కాదు. ఎన్నికైన సభ్యుడిని సైతం ఇజ్రాయెల్ నిర్బంధించిన సందర్భాలు అనేకం. 2006 శాసన మండలి స్పీకర్ అజీజ్ ద్వైక్‌నే పలుమార్లు జైల్లో పెట్టారు.

13. అధ్యక్ష పదవి ఖాళీ అయితే ఏం జరుగుతుంది?

అబ్బాస్ 1935లో పుట్టారు. కనుక ఈ ప్రశ్న ఊరికే వచ్చింది కాదు.

మూల చట్టం 37వ అధికరణం ప్రకారం శాసన మండలి స్పీకర్ తాత్కాలిక అధ్యక్షుడవుతారు, 60 రోజుల్లో ఎన్నిక జరగాలి. ఈ నియమం ఒకసారి అచ్చంగా పనిచేసింది. అరాఫత్ 2004 నవంబరు 11న కన్నుమూశారు. స్పీకర్ రౌహీ ఫత్తూహ్ బాధ్యత తీసుకున్నారు. 2005 జనవరి 9న, 59వ రోజున, పోలింగ్ జరిగింది. పదవి అప్పగించి ఆయన తన కుర్చీకి తిరిగి వెళ్ళారు. ఆక్రమణ ఉన్నా, చెక్‌పోస్టులు ఉన్నా గడువు పాటించడం సాధ్యమేనని చెప్పే రుజువు ఇది.

ఆ తర్వాత జరిగినవి వరుసగా: 2018లో శాసన మండలి రద్దు కావడంతో స్పీకర్ లేరు. 2024 నవంబరులో అబ్బాస్ రాజ్యాంగ ప్రకటన చేసి, జాతీయ మండలి అధ్యక్షుడు (అప్పటికి మళ్ళీ ఆ ఫత్తూహే) 90 రోజుల వరకు తాత్కాలిక అధ్యక్షుడవుతారన్నారు. 2025 ఏప్రిల్‌లో కేంద్ర మండలి పీఎల్‌వోలో ఉపాధ్యక్ష పదవి సృష్టించింది. హుసేన్ అల్-షేఖ్ ఆ పదవిలోకి వచ్చారు. 2025 అక్టోబరులో మరో ప్రకటన వచ్చి, మొదటిదాన్ని తీసేసి, తాత్కాలిక అధ్యక్షుడిగా ఉపాధ్యక్షుడిని పెట్టింది. గడువు 90 రోజులే. ఎన్నిక జరపలేని పరిస్థితి ఉంటే కేంద్ర మండలి ఒక్కసారి పొడిగించవచ్చు.

60 రోజులు 90 అయ్యాయి, దానికి పొడిగింపు తోడైంది. ఎన్నికైన స్పీకర్ స్థానంలో నియమితుడు వచ్చారు. మూల చట్టాన్ని సవరించాలంటే శాసన మండలిలో మూడింట రెండొంతుల మెజారిటీ కావాలి. ఈ ప్రకటనలకు అది లేదు.

14. గాజాలో ఇప్పుడు ఎన్నిక సాధ్యమా?

చట్టంలో అడ్డు లేదు, నేల మీద చాలా ఉన్నాయి. 2023 అక్టోబరు 7 తర్వాతి యుద్ధంలో, గాజా ఆరోగ్య శాఖ లెక్క ప్రకారం, మృతులు 70,000 దాటారు. చనిపోయినవారి పేర్లు ఓటర్ల జాబితాలో ఉన్నాయి; శిథిలాల కింద ఉన్నవారికి మరణ ధ్రువీకరణ లేదు; బతికినవారు నమోదైన చిరునామాలో లేరు. పోలింగ్ కేంద్రాలుగా పెట్టే బడులే గుడారాల శిబిరాలయ్యాయి. ఇక్కడ మొదటి పని ప్రచారం కాదు, ఓటర్ల జాబితాను ఇంటింటికీ, లేదా గుడారం గుడారానికీ, తిరిగి కొత్తగా రాయడం. ఆ పని కమిషన్‌దే. రాసేవాళ్ళు తిరగడానికి మాత్రం ఇజ్రాయెల్ సైన్యం, గాజాలో అధికారం నడిపేవారు ఇద్దరూ దారి ఇవ్వాలి.

2025 నవంబరు 17న భద్రతా మండలి ఆమోదించిన 2803వ తీర్మానం గాజా పాలన కోసం "బోర్డ్ ఆఫ్ పీస్" ఏర్పాటును స్వాగతించింది, అథారిటీ సంస్కరణలను ప్రస్తావించింది. ఎన్నికల తేదీ అందులో లేదు.

15. శరణార్థులకు, విదేశాల్లోని పాలస్తీనీయులకు ఓటు లేదా?

శాసన మండలికి, అధ్యక్షుడికి లేదు. పోస్టల్ ఓటు లేదు, రాయబార కార్యాలయంలో ఓటు లేదు. వాళ్ళకు ప్రాతినిధ్యం జాతీయ మండలిలో. దాన్ని ప్రజలు నేరుగా ఎన్నుకోవడం ఇంతవరకు జరగలేదు. 2025 జూలై డిక్రీ 350 మంది సభ్యులను, వారిలో మూడింట ఒక వంతు బయటి పాలస్తీనీయులను ప్రతిపాదించి, ఆ ఏడాది చివరికి ఎన్నిక అంది. ఏడాది గడిచింది, ఎన్నిక జరగలేదు. లెబనాన్ శిబిరంలో మూడో తరం పెరిగినవారికి ఇదొక్కటే తలుపు. అది తెరుచుకుంటుందా అన్నది ఆతిథ్య దేశాల అనుమతి మీద కూడా ఆధారపడుతుంది.

16. మార్పు వస్తుందనడానికి ఏ ఆధారం చూడాలి?

2025 సెప్టెంబరు 22న, గాజా యుద్ధం ముగిసిన ఏడాదిలోగా అధ్యక్ష, శాసన మండలి ఎన్నికలు జరుపుతామని అబ్బాస్ వీడియో ద్వారా ప్రపంచ నాయకులకు చెప్పారు. అంతకు పది రోజుల ముందు ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ, పాలస్తీనా సమస్య శాంతియుత పరిష్కారం గురించిన న్యూయార్క్ ప్రకటనను 142 ఓట్లతో ఆమోదించింది. భారతదేశం అనుకూలంగా ఓటు వేసింది. ఈ మాటలకు విలువ ఉంది. కానీ "యుద్ధం ముగిసిన" రోజు ఏది? 2025 అక్టోబరు కాల్పుల విరమణ రోజా, సైన్యం పూర్తిగా వెనక్కి వెళ్ళిన రోజా? మొదటి రోజు ఏదో రాయని గడువును ఏ కోర్టులోనూ లెక్కపెట్టించలేం.

కాబట్టి ప్రసంగాలను పక్కన పెట్టి నాలుగు కాగితాల కోసం చూడండి: తేదీ ఉన్న ఎన్నికల డిక్రీ, కమిషన్ ప్రకటించే నమోదు షెడ్యూలు, జెరూసలేం పోలింగ్‌కు ఇజ్రాయెల్ అనుమతి రాకపోతే ఏం చేస్తారో ముందే చెప్పే నియమం, అభ్యర్థుల మీద పెట్టే రాజకీయ షరతు పాఠం. మూడోది లేకుండా మొదటిది వస్తే, 2021 మళ్ళీ జరగవచ్చు.

ఇంకొకటి గమనించాలి. 2021 జూన్‌లో నిజార్ బనాత్, ఆ ఏడాది ఆగిపోయిన ఎన్నికలో అభ్యర్థి, అథారిటీ భద్రతా దళాల నిర్బంధంలో చనిపోయారు. అథారిటీని ఫేస్‌బుక్‌లో గట్టిగా విమర్శించినవారాయన. విమర్శకుడు ఇంట్లో నిద్రపోగలిగినప్పుడే నామినేషన్ గడువుకు అర్థం ఉంటుంది.

17. స్థానిక ఎన్నికలు జరుగుతూనే ఉన్నాయి కదా?

పశ్చిమ తీరంలో 2012, 2017, 2021–22లో జరిగాయి. గాజాలో ఈ మూడుసార్లూ జరగలేదు. వీటికి వేరే చట్టం. వీటిలో ఓటు వేయడం వల్ల శాసన మండలి ఓటరుగా నమోదు దానంతట అదే సరైపోయిందని అనుకోకండి. పేరు, చిరునామా ప్రతిసారీ ప్రకటించిన జాబితాలో సరిచూసుకోవాలి.

18. ఇజ్రాయెల్‌లో పనిచేసే తెలుగువారు, ఇక్కడ ఉంటూ దీనిపై మాట్లాడదలచినవారు ఏం గమనించాలి?

ఇజ్రాయెల్‌లో కేర్‌గివర్లుగా, నిర్మాణ పనుల్లో ఉన్న తెలుగువారికి అక్కడి ఏ ఎన్నికలోనూ ఓటు లేదు. పశ్చిమ తీరానికి వెళ్ళే ముందు టెల్ అవీవ్‌లోని మన రాయబార కార్యాలయాన్ని సంప్రదించాలి. పశ్చిమ తీరంలో చిక్కుకుంటే రమల్లాలో భారత ప్రతినిధి కార్యాలయం ఉంది.

ఇక్కడ సభ పెట్టుకోవడం మన రాజ్యాంగం 19వ అధికరణం కింద హక్కే. పోలీసు అనుమతి ముందుగా, లిఖితపూర్వకంగా తీసుకోవాలి. సోషల్ మీడియాలో ఒక మతం వారిపై ద్వేషం రెచ్చగొట్టేలా రాస్తే భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్ వర్తించవచ్చు. ప్రభుత్వాన్ని, సైన్యాన్ని, సంస్థను విమర్శించడం ఆ కోవలోకి రాదు, యూదులనో ముస్లింలనో మొత్తంగా తిట్టడం రావచ్చు.

మన దగ్గర చదువుకుంటున్న పాలస్తీనా విద్యార్థులు సభల్లో వేదిక ఎక్కే ముందు తమ వీసా షరతులు చదువుకోవాలి. ఎన్నికల డిక్రీ వస్తే నమోదు కిటికీ కొద్ది రోజులే తెరిచి ఉంటుంది, 2021లోనూ అంతే. హైదరాబాద్ నుంచి ఓటు వేయలేరు, ఊరికి వెళ్ళాలి. కాబట్టి గుర్తింపు కార్డు గడువు, తిరుగు వీసా, జోర్డాన్ మీదుగా వెళ్ళే దారి ఇప్పుడే చూసుకుని పెట్టుకోవాలి. నాబ్లుస్ విద్యార్థికి కూడా ఇదే చెప్పాను. ఆయన కార్డు తీసి తేదీ చూసుకున్నారు. ఇంకా రెండేళ్ళు ఉంది.